కారు షెడ్డులో స్లాబు కింద ఖాళీగా ఉన్న చోటును ఇంటి సామానుకు వాడుకోవచ్చా?

ప్రశ్న: వేదాయపాళెం, నెల్లూరు

అందరికీ నమస్కారం. మాది వేదాయపాళెంలో పాత మిద్దె ఇల్లు. ఇంటిని ఆనుకుని కారు షెడ్డు ఉంది. లోపల వెడల్పు 10 అడుగులు, పొడవు 18 అడుగులు, నేల నుంచి స్లాబు దాకా ఎత్తు 10 అడుగులు. ఒక పక్క మా ఇంటి గోడ, వెనుక గోడ తొమ్మిదంగుళాలవి. రెండో పక్క గోడ మాత్రం నాలుగున్నర అంగుళాలదే. ముందు వైపు రోలింగ్ షట్టరు ఉంది, దాని పైన స్లాబు మరో నాలుగు అడుగులు వీధి వైపుకు సజ్జలా ముందుకు వచ్చి ఉంటుంది. షెడ్డు మిద్దె మీదే 1000 లీటర్ల నీళ్ళ ట్యాంకు పెట్టించాము.

మా అత్తమామలు పల్లెలో ఇల్లు ఖాళీ చేసి మా దగ్గరికి వచ్చేస్తున్నారు. వాళ్ళ సామానులో ఇత్తడి గుండిగలు, ఒక గంగాళం, వినాయక చవితి పాలవెల్లి, బొమ్మల కొలువు పెట్టెలు, దూది పరుపులు, మామగారి పుస్తకాలు, ఒక కూలరు ఉన్నాయి. ఇంట్లో అటకలు ఇప్పటికే నిండిపోయాయి. వీటిలో ఏ వస్తువునూ పారేయమని పెద్దవాళ్ళతో అనడం నాకు ఇష్టం లేదు. అందుకే కారుకు పైన ఖాళీగా ఉన్న చోటును వాడుకుందామని అనుకుంటున్నాము.

ఇనుప పని చేసే ఆయన వచ్చి చూసి, స్లాబుకు డ్రిల్లింగ్ చేసి యాంకర్ బోల్టులు బిగించి ఇనుప ఫ్రేము వేలాడదీస్తే ఒక పూటలో పని అయిపోతుందని చెప్పారు. తాపీమేస్త్రీ మాత్రం గోడల్లోకి కడప బండలు దూర్చి మామూలు అటక కట్టుకుంటేనే మంచిదని అంటున్నారు. ఈ రెండింటిలో ఏది సరైన పద్ధతి? ఆ స్లాబు అంత బరువు మోయగలదా? అసలు పైన ఏవి పెట్టవచ్చు, ఏవి పెట్టకూడదు? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.


జవాబు: సివిల్ ఇంజనీరు, ఒంగోలు

అమ్మా, మీరు కొలతలన్నీ ఇచ్చి అడిగారు కాబట్టి సూటిగా జవాబు చెప్పగలుగుతున్నాను. ఆ రెండు పద్ధతులూ మీ షెడ్డుకు తగినవి కావు. సామాను బరువు స్లాబు మీద గానీ, నాలుగున్నర అంగుళాల గోడ మీద గానీ పడకుండా, కాళ్ళ ద్వారా నేరుగా నేలకు దిగేటట్టు ఇనుప స్టాండు చేయించుకోవడమే మీకు తగిన మార్గం. కారణాలు చెబుతాను.

ముందు స్లాబు సంగతి. మనుషులు ఎక్కి తిరిగే మిద్దె మీద చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు బరువు పడుతుందని ఐ.ఎస్. 875 అనే భారతీయ ప్రమాణం ప్రకారం లెక్క వేసి డిజైను చేస్తారు. నివాసపు గదుల స్లాబుకు అదే లెక్క 200 కిలోలు. మీ మిద్దె మీద 1000 లీటర్ల ట్యాంకు ఉన్నదంటే నిండినప్పుడు టన్ను బరువు నీళ్ళది మాత్రమే. ఆ ట్యాంకు కింద దూలమో గోడో ఉన్నదా, లేక స్లాబు నడుమ దిమ్మెలు కట్టి దాని మీద కూర్చోబెట్టారా అన్నది నాకు ఇక్కడి నుంచి కనిపించదు. ఇప్పటికే అంత భారం మోస్తున్న స్లాబుకు కింది నుంచి మరో రెండు మూడు వందల కిలోలు వేలాడదీయడానికి నేను ఒప్పుకోను.

ఇక వేలాడదీసే బోల్టుల సంగతి. స్లాబు మీద బరువు పడినప్పుడు దాని నడిమి భాగంలో అడుగు వైపు సాగుతుంది, పై వైపు నొక్కుకుంటుంది. అందుకే కడ్డీలను అడుగు వైపున, వాటి కింద ముప్పావు అంగుళం కాంక్రీటు ఉండేటట్టు పేరుస్తారు. కంటికి కనిపించని సన్నని పగుళ్ళు ఏర్పడేదీ అక్కడే. వ్యాకోచించి పట్టుకునే మామూలు యాంకర్ బోల్టు తన పట్టునంతా చుట్టూ ఉన్న కాంక్రీటు నుంచే తెచ్చుకుంటుంది. కాబట్టి అది పగులు ఉన్న చోట పడిందంటే ఏళ్ళు గడిచే కొద్దీ వదులవుతుంది. మీ రోలింగ్ షట్టరు రోజూ లేచి దిగే అదురు కూడా దానికి తోడవుతుంది. పైగా లైటుకు, ఫ్యానుకు వెళ్ళే కరెంటు పైపులు స్లాబు పోసేటప్పుడే లోపల పెట్టేస్తారు. అవి ఏ దారిన వెళ్ళాయో ఇంటివాళ్ళకు గుర్తుండదు, డ్రిల్లు పట్టిన మనిషికీ తెలియదు.

షట్టరు ముందు వీధి వైపుకు వచ్చిన నాలుగు అడుగుల సజ్జకు ఏదీ వేలాడదీయకండి. చివర ఆధారం లేని స్లాబులో బరువు మోసే కడ్డీలు పై వైపున ఉంటాయి. దాని కొసన పది కిలోలు వేలాడదీసినా, ఆ భారం సజ్జ మొదట్లో, అంటే గోడ మీద ఆనుకునే చోట, కొస ఎంత దూరం ఉంటే అంత ఎక్కువగా వంచే బలమై పడుతుంది. మన జిల్లాల్లో స్తంభాలు లేకుండా ముందుకు లాగిన పోర్టికోలు చాలా ఉన్నాయి. ఈ జాగ్రత్త వాటన్నింటికీ వర్తిస్తుంది.

మేస్త్రీ గారు చెప్పిన కడప బండ ఇంటి లోపల, రెండు మంచి గోడల నడుమ, రెండు అడుగుల లోతు అటకకు ఎంతో బాగుంటుంది. చెద పట్టదు, కుళ్ళదు. కానీ అంగుళంన్నర మందం బండ చదరపు అడుగుకు తొమ్మిది పది కిలోలు తూగుతుంది. మీకు కావలసిన 40 చదరపు అడుగులకు బండల బరువే దగ్గర దగ్గర 400 కిలోలు అవుతుంది. 10 అడుగుల వెడల్పుకు ఒకే బండ నిలవదు కాబట్టి నడుమ ఎలాగూ ఇనుము వేయాలి. అంత చేశాక ఆ బరువులో సగం నాలుగున్నర అంగుళాల గోడ మీదే పడుతుంది. ఆ గోడ తన బరువు తాను మోయడానికి కట్టిందే గాని, పక్క నుంచి గూళ్ళు తవ్వి బండలు దూర్చడానికి కట్టింది కాదు.

నేను చెప్పే ఏర్పాటు ఇది. వెనుక గోడను ఆనుకుని 10 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు ఉన్న ఒకే అర చాలు. నాలుగు మూలలా నాలుగు కాళ్ళు గోడలకు ఆనుకుని నేల మీద నిలబడతాయి. ఆ అర కింది భాగం నేల నుంచి ఆరున్నర అడుగుల ఎత్తులో ఉండాలి. కారును ముందుకు పోనిచ్చి నిలిపితే ఆ అర కిందికి బానెట్టు వస్తుంది. బానెట్టు ఎత్తు మూడు మూడున్నర అడుగులే కాబట్టి పక్క నుంచి మనిషి తల తగలకుండా నడవవచ్చు, బానెట్టు ఎత్తి నీళ్ళు పోసుకోవచ్చు. కారును వెనక్కి పెట్టే అలవాటు ఉన్నవాళ్ళు డిక్కీ తలుపు పూర్తిగా పైకి లేచినప్పుడు ఎంత ఎత్తు వస్తుందో టేపుతో కొలిచాకే అర ఎత్తు నిర్ణయించుకోవాలి. చాలా కార్లకు అది కారు పైకప్పు కంటే బాగా ఎత్తుకు పోతుంది.

ముందు వైపు, వెనుక వైపు 10 అడుగుల పొడవున వచ్చే రెండు దూలాలకు 80×40 ఎం.ఎం. కొలత, 3 ఎం.ఎం. మందం ఉన్న ఇనుప పైపు వేయించండి. 80 కొలత నిలువుగా ఉండాలి. సామాను, ఫ్రేము కలిపి 300 కిలోలు అనుకుంటే ఒక్కో దూలానికి 150 కిలోలు వస్తాయి. ఆ భారానికి ఈ పైపు నడుమ సుమారు పావు అంగుళం వంగుతుంది. అదే 50×50 పైపు వేస్తే విరగకపోయినా అర అంగుళం దాకా దిగుతుంది, చూసేవాళ్ళకు ఎప్పుడూ భయంగానే ఉంటుంది. కాళ్ళకు మాత్రం 50×50 సరిపోతుంది. కాలికి, దూలానికి నడుమ మూలల్లో ఏటవాలు బ్రేసులు తప్పనిసరిగా వేయించాలి, స్టాండును తొమ్మిదంగుళాల వెనుక గోడకు రెండు చోట్ల పట్టీలతో కట్టాలి. 1967 మార్చిలో మా ఒంగోలు ప్రాంతంలో వచ్చిన భూకంపాన్ని పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతుంటారు. పైన బరువు, కింద సన్నని కాళ్ళు ఉన్న దేనికైనా పక్కకు ఊగకుండా పట్టు కావాలి.


జవాబు: ఫాబ్రికేషన్ పని చేసేవాడిని, కావలి

ఇంజనీరు గారు చెప్పిన ఏర్పాటుతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. వేలాడదీయడం తొందరగా అయిపోయే పని కాబట్టి మా వృత్తిలో చాలామంది అదే చెబుతారు. ఇనుము గురించి, తుప్పు గురించి కొన్ని మాటలు నేను కలుపుతాను.

కావలి నుంచి నెల్లూరు దాకా సముద్రపు గాలి తగలని ఊరు లేదు. ఉప్పు గాలికి మామూలు నల్ల ఇనుము మీద రెడ్ ఆక్సైడు ఒక్క పూత వేసి, పైన ఎనామెల్ కొడితే రెండు మూడు వానాకాలాలకే అతుకుల దగ్గర పొక్కులు లేస్తాయి. కొంచెం ఖర్చు ఎక్కువైనా జి.ఐ. పైపు, అంటే జింకు పూత పూసిన ఇనుప పైపు తీసుకోండి. అయితే జి.ఐ. పైపుకు వెల్డింగు పెట్టిన చోట పైనున్న జింకు పూత కాలిపోతుంది. తుప్పు మొదలయ్యేది అక్కడే. వెల్డింగు అయిన వెంటనే దాని మీద పేరుకునే స్లాగు పెంకు కొట్టి, వైరు బ్రష్షుతో మెరిసేదాకా రుద్ది, జింకు ఎక్కువగా ఉండే పెయింటు రెండు పూతలు వేయమని మీ పనివాడికి గట్టిగా చెప్పండి, దగ్గర నిలబడి చూడండి. పైపుల కొసలు తెరిచి వదలకుండా మూతలు వెల్డింగు చేయించాలి. తెరిచి ఉంటే లోపలికి తేమ పోతుంది, కందిరీగలు గూళ్ళు పెడతాయి, బయటికి బాగానే కనిపించే పైపు లోపలి నుంచి తినేసుకుపోతుంది.

స్టాండు మొత్తాన్ని షెడ్డులోనే వెల్డింగు చేయనివ్వకండి. కాళ్ళు, దూలాలు, బ్రేసులు విడివిడిగా షాపులో తయారు చేసి, పూత ఆరాక తెచ్చి, 12 ఎం.ఎం. నట్టుబోల్టులతో బిగించాలి. పెట్రోలు బండి ఉండే చోట నిప్పురవ్వలు పడకుండా ఉంటాయి, రేపు ఇల్లు మారినా విప్పి తీసుకుపోవచ్చు.

కాళ్ళు నేల మీద నేరుగా నిలబడకూడదు. కార్తీక మాసపు వానలకు షెడ్డుల్లోకి నీళ్ళు రావడం మనకు మామూలే. ఒక్కో కాలికి అర అడుగు ఎత్తున చిన్న కాంక్రీటు దిమ్మె పోయించి, దాని మీద బేసు ప్లేటు కూర్చోబెట్టి బోల్టు వేస్తే, నీళ్ళు నిలిచినా ఇనుముకు తగలవు.

అర మీద పరవడానికి ప్లైవుడ్ కంటే జి.ఐ. వెల్డ్ మెష్ మంచిదని నా అభిప్రాయం. కింద రెండేసి అడుగులకు ఒక అడ్డ పైపు ఉంటే మెష్ కుంగదు. గాలి ఆడుతుంది, తేమ నిలవదు, ఎలుక దాక్కోవడానికి చోటు ఉండదు. అన్నిటికంటే ముఖ్యంగా, పైన ఏ డబ్బా ఎక్కడ ఉందో కింద నిలబడే చూసుకోవచ్చు. చిన్న వస్తువులు మెష్ సందుల్లోంచి జారుతాయని అనుకుంటే వాటిని ట్రేలలో పెట్టుకోండి. ముందు అంచుకు నాలుగంగుళాల ఎత్తున పట్టీ పెట్టించడం మరిచిపోవద్దు. కారు అద్దం మీదికి పెట్టె జారకుండా ఆపేది ఆ పట్టీయే.


జవాబు: గృహిణి, నెల్లూరు

మేము పెన్నకు దగ్గరలో ఉంటాము. 2021 నవంబరులో వరద వచ్చినప్పుడు మా వీధిలో నేల మీద పెట్టుకున్న బియ్యం, పుస్తకాలు, పరుపులు పోగొట్టుకోని ఇల్లు లేదు. అందుకని సామాను ఎత్తులో ఉండాలన్న మీ ఆలోచన చాలా మంచిది. అయితే ఎత్తులో పెట్టిన ప్రతిదీ భద్రంగా ఉంటుందని అనుకోకండి. స్లాబు కింద అడుగున్నర మేర రోహిణి కార్తెలో ఉండే వేడి వేరు, కార్తీకంలో పట్టే చెమ్మ వేరు. వస్తువుకు ఈ రెండింటినీ తట్టుకునే గుణం ఉన్నదా అని చూసి పైకి ఎక్కించాలి.

మీరు చెప్పిన వాటిలో పాలవెల్లి పైన పెట్టడానికి అన్నిటికంటే అనువైనది. బరువు ఉండదు, ఏడాదికి ఒకసారే దించుతాము. పాత చీరలో చుట్టి, వేపాకు ఎండబెట్టి మడతల్లో పెడితే పురుగు పట్టదు. కూలరు కూడా పెట్టవచ్చు గాని, పక్కల గడ్డి మెత్తలు తీసేసి, తొట్టిలో చుక్క నీరు లేకుండా రెండు రోజులు ఎండలో ఉంచి అప్పుడు ఎక్కించాలి. ఆ మెత్తల్లోనే ఎలుకలు పిల్లలు పెడతాయి.

ఇత్తడి సామాను గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మా అత్తగారి గుండిగలు ఇప్పటికీ మా దగ్గర ఉన్నాయి. వాటిని చింతపండుతో తోమిన తర్వాత ఆ పులుపు అంచు మడతల్లో, చెవుల దగ్గర ఏ కొంచెం మిగిలినా, ఉప్పు గాలికి పచ్చగా చిలుము పడుతుంది. చింతపండుతో తోమాక మంచినీళ్ళతో బాగా కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఒక పూట ఎండలో బోర్లించి, నూలు గుడ్డలో చుట్టాలి. ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి కట్టకండి, లోపలి చెమ్మ బయటికి పోదు. ఒక గుండిగలో మరొకటి పెట్టేటప్పుడు నడుమ గుడ్డ వేయండి, లేకపోతే వేడికి బిగుసుకుని ఊడిరావు. పెద్ద గంగాళాన్ని మాత్రం పైకి ఎత్తవద్దు. దాన్ని నిచ్చెన మీద నిలబడి దించాలంటే ఇద్దరు బలమైన మనుషులు కావాలి, అంత చేసినా చెయ్యి జారితే కింద కారు, మనిషి ఇద్దరికీ ప్రమాదమే. అర కిందనే, వెనుక గోడ పక్కన, ఎత్తు పీట మీద బోర్లించుకోండి.

బొమ్మల కొలువు పెట్టెలను కూడా పైన పెట్టవద్దని నా మనవి. మట్టి బొమ్మలు చూడటానికి చిన్నవైనా పెట్టె నిండితే బరువెక్కుతాయి, ఒక్కసారి జారితే తరతరాలుగా వచ్చిన బొమ్మ మళ్ళీ దొరకదు. ఇంటి లోపలి అటకల్లో ఉన్న సూట్‌కేసులు, ఖాళీ డబ్బాలు షెడ్డు అర మీదికి మార్చి, బొమ్మలకు ఇంట్లో చోటు ఇవ్వండి. పుస్తకాల విషయమూ అంతే. ఒక ఘనపుటడుగు పెట్టెలో పుస్తకాలు నింపితే 20 కిలోల దాకా తూగుతుంది, పైగా కాగితం చెమ్మను పీల్చుకుంటుంది. మామగారికి అందేటట్టు ఇంట్లోనే ఒక బీరువా ఇవ్వగలిగితే ఆయన మనసుకు కూడా హాయిగా ఉంటుంది.

ఊరగాయ జాడీలు, అప్పడాలు, వడియాలు, బియ్యం వంటి తినే వస్తువులను కారు పొగ తగిలే చోట పెట్టకూడదు. పెయింటు డబ్బాలు, థిన్నరు, కిరోసిన్, ఖాళీదైనా సరే గ్యాసు సిలిండరు అక్కడ ఉండకూడదు. పరుపులు పెట్టదలిస్తే సంక్రాంతి తర్వాత ఎండలు ముదిరినప్పుడు నాలుగు రోజులు బాగా ఎండబెట్టి, నూలు దుప్పట్లో కుట్టి పెట్టండి. ప్రతి డబ్బాకు మూత మీద కాకుండా, కింద నిలబడితే కనిపించేటట్టు ముందు పక్కన పేరు రాసి అంటించండి.


జవాబు: అపార్టుమెంటు నివాసి, ఒంగోలు

ఇది సొంత షెడ్డు ఉన్నవారికి మాత్రమే పనికివచ్చే ఏర్పాటు. అపార్టుమెంటు సెల్లారులో మన పార్కింగు గీతల లోపలైనా సరే, దూలాలు, స్తంభాలు, స్లాబు అందరి ఉమ్మడి ఆస్తి. అసోసియేషన్ అనుమతి లేకుండా వాటికి డ్రిల్లు పెట్టకూడదు, పైన వెళ్ళే నీళ్ళ పైపులకు, కరెంటు కేబుళ్ళకు అడ్డంగా సామాను పేర్చకూడదు.


ప్రశ్న అడిగినవారు: వేదాయపాళెం, నెల్లూరు

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. గంగాళం, బొమ్మలు కిందనే ఉంచాలని మా అత్తగారు కూడా వెంటనే ఒప్పుకున్నారు. మావారు నేల మీద నిలిచే స్టాండుకే మొగ్గు చూపుతున్నారు. ఇంకో రెండు సందేహాలు ఉన్నాయి. నిచ్చెన ఎలాంటిది తీసుకోవాలి? మీ జవాబులు చదివాక స్లాబు కింది భాగాన్ని టార్చిలైటు వేసి చూశాము. ట్యాంకుకు సరిగ్గా కింద చాప అంత మేర తడి మచ్చ, దాని నడుమ సన్నని గోధుమరంగు గీత కనిపించింది. సున్నం పొక్కులుగా లేచింది. స్టాండు పెట్టేస్తే ఆ మచ్చ సామాను వెనుక మరుగైపోతుంది. ఏమైనా ఇబ్బందా?


జవాబు: సివిల్ ఇంజనీరు, ఒంగోలు

అమ్మా, నిచ్చెన సంగతి తేలిక. రెండు పక్కలా కాళ్ళు విచ్చుకునే అల్యూమినియం నిచ్చెన, మెట్లు వెడల్పుగా ఉన్నది తీసుకోండి. గోడకు వాల్చే నిచ్చెనే ఉన్నట్లయితే, నాలుగు అడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున దాని కాలు గోడకు దూరంగా ఉండాలి. ఎక్కే మనిషి ఒకరు, అందుకునే మనిషి ఒకరు ఉండాలి, కారును మాత్రం ముందే బయట పెట్టాలి. అత్తమామలను ఎవరినీ నిచ్చెన ఎక్కనివ్వకండి.

ఇక ఆ మచ్చ చిన్న విషయం కాదు. గోధుమరంగు గీత అంటే లోపలి కడ్డీ తుప్పు పట్టడం మొదలై, ఆ తుప్పు నీళ్ళతో కలిసి దిగుతున్నదని అర్థం. కడ్డీ తుప్పు పట్టినప్పుడు ఉబ్బుతుంది, ఉబ్బి కింద ఉన్న ముప్పావు అంగుళం కాంక్రీటును తోసేస్తుంది, చివరికి అది పెళ్ళలుగా రాలుతుంది. చిన్న సుత్తితో మచ్చ చుట్టూ మెల్లగా తట్టి చూడండి. గట్టి చోట ఖణేలుమని మోగుతుంది, లోపల విడిపోయిన చోట డొల్ల శబ్దం వస్తుంది. డొల్ల శబ్దం ఎంత మేర వస్తుందో సుద్దముక్కతో గీసి పెట్టండి. ఆ స్లాబుకు బోల్టులు బిగించి సామాను వేలాడదీసి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పనక్కరలేదు.

ముందు ట్యాంకు ఖాళీ చేయించి, దాని పైపు అతుకులు కారుతున్నాయా, లేక వాన నీళ్ళే ట్యాంకు దిమ్మెల చుట్టూ నిలిచి దిగుతున్నాయా అన్నది తేల్చుకోండి. ట్యాంకును గోడల మీద ఆనే దూలాల పైకి మార్చగలిగితే ఇంకా మంచిది. పైన వాటర్‌ప్రూఫింగు, కింద డొల్ల కాంక్రీటు కొట్టేసి కడ్డీ శుభ్రం చేసి మళ్ళీ పూయడం, ఈ రెండూ స్లాబు పూర్తిగా ఆరిన తర్వాతే చేయాలి కాబట్టి, ఈశాన్య రుతుపవనాల వానలు వెనక్కి పోయాక, జనవరి చివర గానీ ఫిబ్రవరిలో గానీ పెట్టుకోండి. ఆ పని ముగిసేదాకా స్టాండు బిగించవద్దు, ఆ మచ్చ కింద కారును కూడా నిలపకండి. కాళ్ళకు కావలసిన నాలుగు కాంక్రీటు దిమ్మెలు మాత్రం ఇప్పుడే పోయించుకోవచ్చు, వారం రోజులు తడుపుతూ ఉంటే అవి గట్టిపడతాయి. ఫ్రేము ఎత్తును దిమ్మెల పైభాగం నుంచి కాకుండా నేల నుంచే కొలిచి ఇవ్వమని మీ ఇనుప పనివాడికి చెప్పండి, లేకపోతే అర అడుగు తేడా వచ్చి పైన చోటు తగ్గిపోతుంది.